వెలుతురు చొచ్చు పింగాణి



మట్టికుండకు ఆవల నున్న దీపము కనబడదు. గాజుగ్లాసునకు ఆవల నున్న దీపము కనబడును. ఇది పసిబిడ్డలకును దెలిసిన సంగతియే. కాని కుండయు గాజును రెండును నేలనుండి దీసిన పదార్థములే, రెండును నిప్పులో బుట్టినవే. అట్లయ్యును ఒకటి వెలుతురు నాపును, ఒకటి పోనిచ్చును. ఎందువలన? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకిన పిమ్మట మానవుడు ఊరకుండలేదు. కుండను గాల్చినట్లే కాల్చి, ఎంతమాత్రమును కరగనీయక, గాజువలె వెలుతురు పోనిచ్చు పింగాణిని చేయ నేర్చినాడు. అట్టి పింగాణి మన శంషాబాదునకు చేరువ నున్న బాలాపురమునను తయారైనది. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

బాలాపుర మనగానే మీలో పలువురకు వినాయకుని లడ్డూ వేలము జ్ఞప్తికి వచ్చును. 1994 నుండి సాగుచున్న ఆ వేలపు వార్త యేటేట పత్రికలలో మొదటి పుటకెక్కును. అదే బాలాపురమున చూర్ణలోహశాస్త్రమునకును నూతన పదార్థములకును సంబంధించిన అంతర్జాతీయ పరిశోధన కేంద్ర మొకటి కలదు. దానిని ఏ.ఆర్.సి.ఐ. అని పొడి యక్షరములతో పిలుతురు. కేంద్రప్రభుత్వ శాస్త్రసాంకేతిక శాఖ క్రింద 1997 నుండి స్వయంప్రతిపత్తితో నడచుచున్న సంస్థ యిది. 2008లో విమానాశ్రయము తెరచినది మొదలు ఈ ప్రాంతపు వారి చూపు లన్నియు ఆకాశము మీదనే యున్నవి. ప్రక్కనే నేలమీద నడచుచున్న పనిని గమనించువారు తక్కువ. "లోపల కొలుములు మండుచుండునట, అచట నేమి కాల్చెదరు పంతులుగారూ?" అని మా ప్రక్క పెద్దలు నన్ను పలుమారు లడిగియున్నారు. నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురుసన్నిధిని తర్కము చదువుకొన్నవాడను. నాకు తెలిసినంత మేరకు, మన యింటి వస్తువులను బట్టియే చెప్పెదను.

ముందు వంటయింటిలోనికి పోవుదము. పటికబెల్లపు పెద్ద పలుకును వెలుతురున కెత్తి చూడుడు. ఆవలి వస్తువు మసకగా నైనను గోచరించును. దానినే రోట వేసి నూరుడు. తెల్లని పిండి యగును. ఆ పిండిలోనుండి ఏమియు కనబడదు. నూరినంత మాత్రమున పదార్థము మారెనా? మారలేదు. అదే తీపి, అదే ద్రవ్యము. మారిన దేమనగా, ఒక్క పలుకు స్థానమున లక్షల పలుకులైనవి, వాని నడుమ గాలి చేరినది. వెలుతురు పలుకునుండి గాలిలోనికి, గాలినుండి మరల పలుకులోనికి పోవునప్పు డెల్ల కొంత వెనుకకు మరలును, కొంత ప్రక్కకు వంగును. ఇట్లు వేలమార్లు త్రోవ తప్పిన వెలుతురు ఆవలి ప్రక్కకు చేరదు. చెదరి వచ్చిన దారినే తెల్లగా మన కంటికి తిరిగివచ్చును. పాలనురుగు తెలుపునకు కారణ మిదియే. పగిలిన గాజును దంచిన తెల్లనగుటకును ఇదియే కారణము.

దీనికి విపర్యయముగా మరియొక నిదర్శనము. కాగితముమీద నూనె బొట్టు పడినచో ఆచోట వెలుతురు దూరును. నూనె కాగితమును మార్చలేదు. కాగితపు నారల నడుమ నున్న గాలిని వెడలగొట్టి ఆ స్థానమును తాను నింపినది. నూనెయు నారయు వెలుతురును వంచుటలో ఇంచుమించు సమానములు గాన, వెలుతురునకు అడుగడుగున నుండిన తగవు తీరిపోయినది. తడిసిన పంచె పలుచగా కనబడుటయు నిట్టిదే.

కాబట్టి మొదటి సిద్ధాంత మిది. అనేక పింగాణులు వెలుతురు నాపుట ఆ ద్రవ్యముయొక్క స్వభావము గాదు. లోపల చిక్కుకొన్న శూన్యము, అనగా సూక్ష్మరంధ్రములు, ఆపుచున్నవి. ఆ రంధ్రములను తొలగించిన, ద్రవ్యము తన సహజమైన నిర్మలత్వమును చూపును. వినుట కిది సులభము. చేయుట యెంత కష్టమో చెప్పెదను. వెలుతురు తరంగము పొడవు మన తలవెండ్రుక మందములో నూరవ వంతు ప్రాంతమున నుండును. రంధ్రము సుమారు అంతటి పరిమాణము గలదైనచో మిక్కిలి కీడు చేయును. అట్టి రంధ్రములు మొత్తము పరిమాణములో వేయింట ఒక పాలు మిగిలినను పలక పాలవలె తెల్లబడును. అద్దమువలె కావలయునన్న పదివేలలో ఒక పాలు మిగులుటయు అధికమే.

తర్కము చదివినవారికి ఇచట ఒక పాత వివాదము స్ఫురింపక మానదు. పచ్చికుండను ఆవములో బెట్టిన ఎఱ్ఱనగుచున్నది గదా, ఆ మార్పు దేనియందు గలుగుచున్నది? వైశేషికులు పీలుపాకవాదులు. నిప్పు తగులగానే కుండ పరమాణువులుగా విడిపోవును, పరమాణువులయందే రంగు మారును, పిమ్మట నవి మరల గూడి కుండ యగును అని వారి మతము. నైయాయికులు పిఠరపాకవాదులు. కుండ కుండగానే యుండి, తన సందులగుండ లోనికి జొచ్చిన వేడిమిచే మారును అందురు. కుండ నిజముగా విడిపోయినచో దానిపై పేర్చిన కుండలు కూలవలదా, ఆవము దింపిన పిమ్మట ఇది నా కుండయే యని గురుతు పట్టుట యెట్లు, అని వారి యాక్షేపము. నా చిన్నతనమున నేను నైయాయికుల పక్షమున గట్టిగా వాదించితిని. నేటి శాస్త్రమును చదివిన పిమ్మట ఇరువురకును చెరి కొంత సత్యము దక్కినదని తోచుచున్నది. కుండ ఆకారము చెడదు, పేర్చినవి కూలవు. ఆ మేరకు నైయాయికులు గెలిచిరి. కాని ఆవములోపల పరమాణువులు కదలక కూర్చుండునా యన్న, కూర్చుండవు. ఒక రేణువునుండి ఇంకొక రేణువునకు వలస పోవుచుండును. ఆ మేరకు వైశేషికుల యూహ ఊరక పోలేదు.

ఈ వలసనే సింటరింగు అందురు. దీనికి మన భాషలో స్థిరపడిన పేరు నాకు కనబడలేదు. కరగకుండ కలియుట యని చెప్పుకొందము. వేడినీటిపై తేలు నేతిబొట్లు రెండు తాకినంతనే ఒక్కటియగుట చూచియున్నారు. పైభాగము తగ్గించుకొనుట సమస్త పదార్థముల యందును గల స్వభావము. విడివిడిగా నున్న చిన్న బొట్ల పైభాగము మొత్తము, కలిసిన పెద్ద బొట్టు పైభాగము కంటె నెక్కువ. ద్రవమునకు ఆ కోరిక తీరుట సులభము. ఘనపదార్థపు రేణువులకు అదే కోరిక యున్నను కాళ్లు లేవు. మిగుల కాల్చినప్పుడు, కరగు వేడిమికి ఇంకను చాల దిగువ నుండగనే, పరమాణువులకు కదలిక వచ్చును. రెండు రేణువులు తాకిన చోట ముందు మెడవంటి అతుకు పుట్టును, మెడ లావెక్కును, నడుమ సందులు కుంచించుకొని పోవును. పోతపోసి ఆరబెట్టిన ముద్దలో సగమునకు దరిదాపుగా గాలియే యుండును. అందువలన కాలి గట్టిపడునాటికి నూరంగుళముల పొడవు ఎనుబదిరెండంగుళములకు దిగవచ్చును. మన కుమ్మరులు ఎండుటకును కాలుటకును చోటు విడిచి కుండను కొంత పెద్దగా దిద్దుట ఎరిగినదే. ఆ లెక్కయే యిచటను, మఱింత నిక్కచ్చిగా.

మా యెరుకలోని కుమ్మరి పెద్ద యొకడు, "ఇంకను ఎక్కువ కాల్చిన మా కుండయు అద్దమగునా?" అని నన్నడిగెను. మంచి ప్రశ్న. కాదని చెప్పవలసి వచ్చినది. చెరువుమన్నులో ఇనుము కలదు. అది వెలుతురును మ్రింగి ఎఱుపు నిచ్చును. అందులో ఒక్క ద్రవ్యము గాక పెక్కు ద్రవ్యములు కలిసియున్నవి. ఒక్కొక్కటి వెలుతురును ఒక్కొక్క తీరున వంచును. మీదుమిక్కిలి వేడి పెంచిన కుండ నిలువదు, క్రుంగి కరగును. అద్దమువంటి పింగాణిలో మన్నే లేదు. మిక్కిలి శుద్ధిచేసిన ఒకే ద్రవ్యపు పొడి మాత్రముండును.

ఆ ద్రవ్యములలో మొదట గెలిచినది అల్యూమినా. పేరు క్రొత్తదైనను వస్తువు మనకు పాతదే. స్ఫటికరూపమున నున్న అల్యూమినాయే మన కురువిందము. ఖమ్మము సీమలో అది దొరకును. సానపొడిగా దానిని మనవారు ఎప్పటినుండియో వాడిరి. ఇంగ్లీషువారి కొరండం అను మాట దక్షిణదేశపు ఈ మాటనుండియే పుట్టినది. ఎఱ్ఱనైన కురువిందము కెంపు, నీలమైనది నీలము. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు రాబర్టు కోబుల్ అను శాస్త్రజ్ఞుడు 1950ల చివర అల్యూమినా పొడిని కాల్చి వెలుతురు దూరు పింగాణిని చేసెను. 1962లో దానికి పేటెంటు లభించినది.

ఆయన కనిపెట్టిన కిటుకు చిన్నది గాని మిక్కిలి రసవంతము. కాల్చునప్పుడు రేణువులు అతుకుకొనుటయే గాక, పెద్ద రేణువులు చిన్నవానిని మ్రింగి పెరుగును. రేణువులకు నడుమ నున్న సరిహద్దులే రంధ్రములు తొలగుటకు కాలువలు. ఆ కాలువలవెంట పరమాణువులు నడచివచ్చి రంధ్రమును పూడ్చును. కాని సరిహద్దు అతివేగముగా జరిగిపోయిన, రంధ్రము వెనుకబడి రేణువు కడుపులో చిక్కుకొనును. కాలువకు దూరమైన ఆ గుంట యిక పూడదు. ఎంత కాల్చినను వ్యర్థమే. కోబుల్ అల్యూమినా పొడిలో నూటికి పావువంతు, అనగా నాలుగువందలలో ఒక పాలు, మెగ్నీషియా కలిపెను. అది సరిహద్దుల పరుగునకు కళ్లెము వేసినది. సరిహద్దులు నెమ్మదించినవి, రంధ్రములు వానిని విడువక అంటియుండి క్రమముగా పూడిపోయినవి. మఱియు ఆయన గాలిలో గాక హైడ్రోజను వాయువులో కాల్చెను. గాలిలోని నత్రజని రంధ్రములో చిక్కి బయటికి రాలేదు. హైడ్రోజను సన్ననిది గాన ఘనపదార్థముగుండ జారిపోగలదు. త్వరపడి పెద్దమంట పెట్టిన మేలగు ననుకొనుట ఇచట చెల్లదు.

ఆ పింగాణి వెలుతురు మీరు చూచియే యున్నారు. నిన్నమొన్న ఎల్.ఇ.డి. దీపములు వచ్చువరకు రహదారుల ప్రక్క పసుపుపచ్చగా వెలిగిన సోడియము దీపములలోపల సన్నని గొట్ట మొకటి యుండెడిది. మండుచున్న సోడియము ఆవిరి గాజును తినివేయును. ఈ అల్యూమినా గొట్టమును మాత్ర మేమియు చేయలేదు. 1960ల నడుమ నుండి అట్టి దీపములు లోకమున వ్యాపించినవి. మనలో ఎన్నడును పింగాణి పేరు దలపనివారు కూడ ఆ వెలుతురున రాత్రులు ఇల్లు చేరిరి.

అయినను ఆ గొట్టము అద్దము గాదు. వెలుతురు బయటికి వచ్చును గాని ఆవలి రూపము పాలపొరగుండ చూచినట్లు అస్పష్టము. ఏల? కురువిందపు రేణువునకు దిక్కుల పక్షపాతము కలదు. వెలుతురు ఒక దిక్కున పోవువేగము వేరొక దిక్కున పోవువేగముతో సమానము గాదు. లక్షల రేణువులు ఒక్కొక్కటి ఒక్కొక్క వైపునకు తిరిగియున్నప్పుడు, నడుమ గాలి లేకున్నను, సరిహద్దు సరిహద్దునకు వెలుతురు కొంచెము తొట్రుపడును. దీపమునకు వెలుతురు చాలును. కిటికీకి రూపము కావలెను. అన్ని దిక్కుల సమదృష్టి గల ద్రవ్యమును వెదకవలసి వచ్చినది.

అట్టిది స్పినెల్. మెగ్నీషియము, అల్యూమినియము, ప్రాణవాయువు గూడిన ద్రవ్యము. ఇదియు మన రత్నశాస్త్రమునకు పరాయిది గాదు. ఎఱ్ఱని స్పినెళ్లను శతాబ్దముల కొలది రాజులు పలువురు కెంపులనియే నమ్మిరి. ఇంగ్లండు రాజకిరీటమున పొదిగిన పెద్ద కెంపు నిజమునకు స్పినెలే. మన నిజాము ప్రభువుల నగలలోను స్పినెళ్లు కలవు. గాజు కంటె కఠినము, కురువిందము కంటె మెత్తన. 2100 డిగ్రీలు దాటినగాని కరగదు. సానబట్టిన స్పినెల్ పలక తనపై బడిన వెలుతురులో నూటికి ఎనుబదియేడు పాళ్లు ఆవలికి పంపగలదు. తక్కిన పదమూడు పాళ్లు రెండు ముఖములయొద్ద వెనుకకు మరలును. అది ద్రవ్యధర్మము. అందుచే ఎనుబదియేడు ముట్టిన దానిని సిద్ధాంతము చెప్పిన అవధి నందినదని అందురు.

2021లో ప్రకటింపబడిన బాలాపురపు వారి విజయము ఇదియే. పొడిని నీటిలో సమముగా తేలునట్లు చేసి రూపము దిద్ది, పిమ్మట వేడిమిని ఒత్తిడిని ఒక్కమారుగా ప్రయోగించి, సిద్ధాంతపు అవధి నందిన స్పినెల్ పింగాణిని మనదేశమున మొదటిసారిగా సాధించితిమని వారు తెలిపిరి. పూర్వమును దేశమున ప్రయత్నములు జరిగినవి గాని, అవి ప్రయోగశాలలోని చిన్న బిళ్లలతో ఆగినవి, లేదా నిర్మలత్వము చాలకపోయినవి.

ఈ పని తీరు కొంత విప్పి చెప్పెదను. పొడి రేణువులు అతిసూక్ష్మములు. ఒకదానినొకటి అంటుకొని ఉండలు గట్టు స్వభావము గలవి. జావలో ఉండలు మిగిలిన పోతలో ఆచోట గుంట మిగులును, ఆ గుంట చివరివరకు పూడదు. అందువలన రేణువులు ఒకదానినొకటి త్రోసికొనునట్లు నీటిలో తగిన మందు కలిపి, పాలవంటి జారుగా చేయుదురు. దానిని నీరు పీల్చు అచ్చులలో పోసిన, అచ్చు నీటిని త్రాగును, రేణువులు గోడకు సమముగా పేరుకొనును. మెల్లగా ఆరవలెను, తొందరించిన బీటలు. పిమ్మట మొదటి కాల్పు. దీనితో బయటికి తెరచియున్న రంధ్రము లన్నియు మూసికొనవలెను, లోపల కొన్ని మిగిలినను సరే. అప్పుడు గట్టి ఉక్కుపాత్రలో బెట్టి, మిక్కిలి వేడిమిలో, ఆర్గాను వాయువుతో అన్నివైపులనుండి నొక్కుదురు. ఆ ఒత్తిడి మనచుట్టునున్న గాలి ఒత్తిడికి వేయి మొదలు రెండువేల రెట్లుండును. రంధ్రము బయటికి తెరచియున్నచో వాయువు దానిలోనికే పోయి లోపలను బయటను సమానమగును, నొక్కుడు పనిచేయదు. నోరు మూసియున్న తిత్తినే నొక్కగలము గదా! అందుకే మొదటి కాల్పు కొలతలో అంత జాగ్రత్త. చివర వజ్రపుపొడితో సానబట్టవలెను. అంతవరకు ఆ పలక మసకబిళ్లయే.

ఇంత శ్రమ యేల, గాజు లేదా యని మీ రడుగవచ్చును. మన కంటికి గనబడు వెలుతురు గాక, వేడివస్తువులనుండి వెలువడు పరారుణకిరణములు కలవు. ఇంజనువంటి వేడి వస్తువు చీకటిలోను ఆ కిరణములచే గుర్తింపబడును. సాధారణమైన గాజు సుమారు మూడు మైక్రాన్లు దాటిన కిరణములను పోనీయదు. స్పినెల్ దాదాపు ఐదు మైక్రాన్ల వరకు పోనిచ్చును. మైక్రాను అనగా అంగుళమును ఇరువదియైదువేల నాలుగువందల భాగములు చేసిన నందొక భాగము. క్షిపణి ముందుభాగమున నుండు కంటికి రెప్పవంటి గుమ్మటము ఈ కిరణములను లోనికి రానీయవలెను. మహావేగమున వానచినుకులు, ఇసుకరేణువులు తాకినను గీతపడరాదు, వేడికి పగులరాదు. గాజు ఆ పరీక్షకు నిలువదు. సైనికుని ముఖమునకు అడ్డుపలకగా, శిరస్త్రాణముగా, కంటద్దములుగా వాడునప్పుడు, అంతే రక్షణకు గాజు కంటె పలుచని పలక చాలును. మెడమీద బరువు తగ్గును. పోరుపనులకు గూడ వచ్చునది గాన దీనిని చేయు దేశములు ఇతరులకు స్వేచ్ఛగా అమ్మవు. రొక్కము చేతిలో నున్నను సరకు రాని పరిస్థితి యిది. ఎరువులు గోదాములో నుండియు సమయమునకు చేతికందని బాధ రైతులకు తెలియును గాన, ఈ మాట వారికి విస్తరించి చెప్పనక్కరలేదు.

పోరుపనులు మాత్రమే యని తలపవలదు. ఆసుపత్రులలో సి.టి. స్కాను యంత్రములు అనేకములందు దేహమును దాటివచ్చిన ఎక్సుకిరణములను వెలుతురుగా మార్చునది వెలుతురు దూరు పింగాణి పలుకే. జపానులో అకియో ఇకెసుయె 1995లో యిట్రియము కలిసిన పింగాణిని లేజరుకిరణము పుట్టించుటకు తగినంత నిర్మలముగా చేసి చూపెను. అంతకుముందు అట్టి పనికి ఒక్కటే పెద్ద స్ఫటికమును వారములకొలది పెంచవలసి యుండెడిది. పింగాణియైనచో కావలసిన ఆకారమున పోత పోయవచ్చును.

కంటినుండి తేజస్సు బయలుదేరి వస్తువును జేరునని నమ్మిన మన న్యాయశాస్త్రకారులు, నడుమ గాజు, అభ్రకము, స్ఫటికము అడ్డుగా నున్నను వస్తువు కనబడుటెట్లని తమకుతామే ప్రశ్న వేసికొనిరి. కిరణము పోవు దిక్కును వారు తలక్రిందులుగా భావించిరి. కాని నిర్మలవస్తువు కిరణము నేల అడ్డగింపదను ప్రశ్నను విడువలేదు. ఆ జాబితాకు నేడు నాలుగవదిగా పింగాణిని చేర్చవలసియున్నది.

మన యిండ్ల కిటికీలకు ఇది వచ్చునా యన్న, ఇప్పట్లో రాదు. పొడి ఖరీదు, ఒత్తిడిపాత్రల ఖరీదు, వజ్రపుసాన ఖరీదు మూడును పెద్దవే. పలక వెడల్పు పెరిగినకొలది ఎక్కడనో ఒక్క ఉండ మిగులుట, ఒక్క బీట పుట్టుట కవకాశము పెరుగును; పనివా రిప్పుడు కుస్తీ పట్టుచున్నది దానితోనే. 2021 నాటి ప్రకటనలోను ఈ పద్ధతి ప్రయోగశాల దాటి నమూనావస్తువులు చేయుటకు దరిదాపుగా వచ్చినదని మాత్రమే చెప్పిరి. అచటినుండి దినమునకు పదులు నూర్లుగా ఒకే తీరున, ఒకే నిర్మలత్వముతో దించగల కొలిమివరకు ఇంకను దూర మున్నది.